రెక్క విరగలేదు, మీరు పక్కకు జరగండి

"అన్నా, అడవి అంచున పిట్ట దొరికింది. ఎగరలేకపోతోందని ఇంటికి తెచ్చేశాం." దక్షిణ అండమాన్‌లో పక్షుల గైడ్‌గా పనిచేసే నాకు మన తెలుగువాళ్ల నుంచి తరచూ వచ్చే ఫోన్ ఇది. వెళ్లి చూస్తే అండమాన్ నైట్‌జార్ అనే రాత్రిపిట్ట. చాలాసార్లు దానికేమీ అయి ఉండదు.

అపోహ: పగలు నేల మీద కదలకుండా ఉందంటే జబ్బు చేసినట్టే.

కాదండీ, నిద్రపోతోంది. రాత్రి పురుగులు పట్టి తింటుంది, పగలు ఎండుటాకుల మధ్య పడుకుంటుంది. గూడు కట్టదు, గుడ్లు కూడా నేల మీదే. ఒంటిరంగు ఆకుల్లో కలిసిపోతుంది కాబట్టి కాలు పడేదాకా లేవదు. లేచాక రెక్క ఈడుస్తూ కొట్టుకుంటోందా? దగ్గర్లో గుడ్లో పిల్లలో ఉండి ఉంటాయి. మిమ్మల్ని అటు రానివ్వకుండా నైట్‌జార్లు ఆడే నాటకం అది. తల్లిని మీరు పెట్టెలో పెడితే పిల్లలు పిల్లుల పాలే.

ఒక ఇంట్లో అట్టపెట్టెలో పిట్ట, ముందు పాలలో నానిన బ్రెడ్డు, నూకలు. అది ముట్టలేదని ఆ ఇంటావిడ టెన్షన్‌తో తనూ అన్నం తినలేదు. ఏమంటాం ఆవిణ్ని! కానీ ఈ పిట్ట గింజలు ఏరుకోదు. ముక్కు చిన్నదే, నోరు తెరిస్తే మాత్రం గుహ. ఎగురుతూనే పురుగుల్ని అందుకుంటుంది. గిన్నెలోది దానికి తిండే కాదు. బలవంతంగా పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. సాయంత్రం దొరికిన చోటే వదిలాం, చీకటి పడగానే లేచిపోయింది.

కాబట్టి వెనక్కి తగ్గండి, కుక్కల్ని ఆపండి, చీకటిదాకా ఆగండి. రక్తం కారుతున్నా, బండి తగిలినా చిల్లులు పెట్టిన పెట్టెలో, చీకట్లో ఉంచి అటవీశాఖకు ఫోన్ చేయండి. తిండి, నీళ్లు వద్దు.

అపోహ: రాత్రి టక్ టక్‌మని అరిస్తే ఇంట్లో చావు. మగపిట్ట ఆడపిట్టను పిలుస్తోంది, అంతే. ఈ పుకారు పుట్టించినవాళ్లు ఒక్క రాత్రి దక్షిణ అండమాన్ కొసనున్న చిడియా టాపు అడవిలో కూర్చుంటే బాగుణ్ను.

అపోహ: మన ఊళ్లలో ఉండేదే ఇదీ. కాదు. అండమాన్‌లో తప్ప ఎక్కడా లేదు. 1873లో దీనికి పేరు పెట్టింది ఏ.ఓ. హ్యూమ్, అవును, కాంగ్రెస్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన హ్యూమే. చాలాకాలం పెద్దతోక నైట్‌జార్‌లో ఉపజాతిగా లెక్కేశారు. అరుపు తేడాను బట్టి వేరు చేశారు.

అపోహ: రోడ్డు మీద ఎర్రగా మెరిసేవి దయ్యం కళ్లు. నైట్‌జార్ కళ్లకు లైటు తగిలితే అలాగే మెరుస్తాయి. వేగం తగ్గించి లైటు డిప్ చేయండి, లేచిపోతుంది.