చిట్టెలుక చెప్పలేకపోయిన సంగతి

థాలిడోమైడ్ అనే మందును తొలినాళ్లలో పరీక్షించినవారికి, ఎంత ఎక్కువగా ఇచ్చినా ఎలుకలు చావకపోవడమే దాని గొప్పతనంగా కనిపించింది. అప్పట్లో వాడుకలో ఉన్న నిద్రమాత్రల్లో చాలావాటిని మోతాదు మించి మింగితే ప్రాణం పోయేది. ఈ మందుకు ఆ దోషం లేదు. ఆ గుణాన్నే భద్రతకు నిదర్శనంగా చూపుతూ, పశ్చిమ జర్మనీకి చెందిన గ్రునెంతాల్ సంస్థ 1957 అక్టోబరులో దానిని అమ్మకానికి విడుదల చేసింది. నిద్ర పట్టనివారితోపాటు వేవిళ్లతో బాధపడే గర్భిణులు కూడా ఆ మాత్రలు వేసుకున్నారు. 1961 నవంబరులో జర్మనీలో మందును ఉపసంహరించారు. కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా, కొందరిలో చెవులూ కళ్లూ గుండె కూడా దెబ్బతిని పుట్టిన పిల్లలు ప్రపంచం మొత్తం మీద 10,000 మందికి పైగా ఉంటారని అంచనా. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థలో పనిచేస్తున్న ఫ్రాన్సిస్ కెల్సీ, తన ముందుకు వచ్చిన ఆధారాలు చాలవని పట్టుబట్టి అనుమతి నిలిపివేయడం వల్ల ఆ దేశంలో ఈ మందు మార్కెట్టుకు రాలేదు.

ఇంతవరకు చాలామందికి తెలిసిన చరిత్రే. దీని తరువాతి భాగం ప్రయోగశాలల్లో దాదాపు అరవై ఏళ్లు నడిచింది, అది అంతగా ప్రచారంలోకి రాలేదు. విషాదం బయటపడ్డాక పరిశోధకులు గర్భంతో ఉన్న చిట్టెలుకలకు, ఎలుకలకు ఈ మందు ఇచ్చి చూస్తే, వాటి పిల్లలు మనుషుల్లో కనిపించిన అంగవైకల్యం లేకుండానే పుట్టాయి. కొన్ని జాతుల కుందేళ్లలోనూ, కోతుల్లోనూ మాత్రం అదే రకమైన లోపాలు కనిపించాయి. అంటే 1957కు ముందే ఎవరైనా ఎంతో శ్రద్ధగా, గర్భంతో ఉన్న చిట్టెలుకల మీదనే పరీక్ష జరిపి ఉన్నా, ఆ పరీక్షలో మందు నెగ్గి ఉండేది. నిర్లక్ష్యం వల్ల జరిగిన అనర్థమని మనం చెప్పుకునే ఈ సంఘటనలో, నిర్లక్ష్యంతో సంబంధం లేని ఈ భాగమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

చిట్టెలుకకు లేని ప్రమాదం మనిషి పిండానికి ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం 2010లో మొదలైంది. టోక్యోలో హిరోషి హాండా, తకుమి ఇటో, వారి సహచరులు అతిసూక్ష్మమైన పూసలకు థాలిడోమైడ్ అణువులను అతికించి, వాటిని మనిషి కణాల రసంలో కలిపారు. గాలానికి ఎరగుచ్చి చేప కోసం వేచి ఉన్నట్లే, మందుకు అతుక్కునే ప్రోటీన్ ఏదో పట్టుకోవడం వారి ఉద్దేశం. దొరికిన ప్రోటీన్ పేరు సెరిబ్లాన్. కణంలో పని తీరిన ప్రోటీన్లకు, ఇక ముక్కలు చేయవలసిందేనన్న గుర్తు తగిలించే యంత్రాంగం ఒకటి ఉంటుంది. ఏ ప్రోటీన్‌కు ఆ గుర్తు పడాలో ఎంచుకునే భాగమే సెరిబ్లాన్. థాలిడోమైడ్ దానికి అతుక్కున్నప్పుడు ఈ ఎంపిక తారుమారవుతుంది, నిక్షేపంగా పనిచేస్తున్న ప్రోటీన్ల మీద కూడా గుర్తు పడుతుంది.

అలా నాశనమవుతున్న వాటిలో, పిండంలో చేతులు, కాళ్లు రూపుదిద్దుకోవడానికి అవసరమైన ప్రోటీన్ ఏది? 2018లో బోస్టన్‌లోని డానా-ఫార్బర్ కేన్సర్ సంస్థ పరిశోధకులు సాల్-4 అనే ప్రోటీన్ వైపు వేలు చూపారు, అదే ఏడాది మరో బృందం కూడా అదే నిర్ణయానికి వచ్చింది. ఇందులో మనసుకు హత్తుకునే సాక్ష్యం ఒకటి ఉంది. సాల్-4 జన్యువులో పుట్టుకతోనే లోపం ఉన్న కొందరు పిల్లల చేతులు, తల్లి ఏ మందూ మింగకపోయినా, థాలిడోమైడ్ బారిన పడ్డ పిల్లల చేతుల్లాగే ఉంటాయి. జన్యువు ప్రోటీన్‌ను తయారు చేయలేకపోయినా, తయారైన ప్రోటీన్‌ను మందు పాడుచేసినా పిండానికి కలిగే లోటు ఒకటే.

ఇక చిట్టెలుక సంగతి. మనిషి సెరిబ్లాన్ గొలుసులో 388వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. చిట్టెలుకలో దానికి సమానమైన చోట ఐసోల్యూసీన్ ఉంటుంది. ఈ రెండింటికీ తేడా ఒక కార్బన్ పరమాణువు, రెండు హైడ్రోజన్ పరమాణువులు మాత్రమే. ఆ కాస్త ఉబ్బు వల్ల మందు పక్కన మరో ప్రోటీన్ వచ్చి కుదురుకోవడానికి చోటు చాలదు. అది చాలదన్నట్లు చిట్టెలుక సాల్-4 ప్రోటీన్ ఆకృతి కూడా కాస్త వేరు. అందువల్ల సెరిబ్లాన్ ఒక్కదాన్నే మనిషిదానిలా మార్చినా అది నాశనం కాదు, రెండింటినీ మార్చాలి. ఎలుకలకు సురక్షితమన్న నాటి మాట వాటి వరకు నిజమే. ఆ మాట మనిషికి వర్తించకుండా అడ్డుపడిన కారణం కొన్ని పరమాణువుల్లో దాగి ఉంది.

జంతువుల్లో భద్రమని తేలిన మందు మనిషిలో విషమైన ప్రతిసారీ, దానిని దురదృష్టమని గాని, ప్రకృతి వైచిత్ర్యమని గాని సరిపెట్టుకోవడం ఒకప్పటి అలవాటు. ఇటీవలి విషశాస్త్ర పరిశోధన ఆ అలవాటును మాన్పిస్తోంది. వెదికితే చాలా తేడాలకు చేత్తో చూపగలిగే కారణం దొరుకుతోంది, కారణం దొరికినచోట దానిని ముందుగానే పసిగట్టే పరీక్షను కట్టడం సాధ్యమవుతోంది. దూరపు జాతుల మాట అటుంచండి. పారాసెటమాల్ మోతాదు మించితే చిట్టెలుక కాలేయం మన కాలేయంలాగే దెబ్బతింటుంది, దాని దగ్గరి బంధువైన ఎలుక మాత్రం చాలావరకు తట్టుకుంటుంది.

2006 మార్చి 13న లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో జరిగినది ఇటువంటిదే. టీజీఎన్ 1412 అనే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు మొట్టమొదటిసారిగా ఇచ్చారు. కోతుల్లో హాని చేయదని తేలిన మోతాదులో అది 500వ వంతు. గంటన్నర తిరిగేలోగా ఆరుగురి ఒంట్లోనూ రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పింది, తరువాత ఒక్కొక్క అవయవమే పనిచేయడం మానింది. ఆరుగురూ బతికారు, కాని ఆ బతుకు అత్యవసర చికిత్స విభాగంలో పోరాడి దక్కించుకున్నది. ఆ యాంటీబాడీ అతుక్కునే సీడీ 28 అనే ప్రోటీన్, మనిషిలో పాత రోగాలను గుర్తు పెట్టుకుని వెంటనే దాడికి దిగే ఒక రకం టీ కణాల (రోగనిరోధక వ్యవస్థకు చెందిన తెల్ల రక్తకణాల) మీద ఉంటుందని, పరీక్షకు వాడిన కోతుల్లో అదే రకం కణాల మీద ఉండదని 2010లో తేలింది. ఆ కణాలు కోతి ఒంట్లో ఉన్నా, ఈ మందుకు అవి కనపడవు.

ఈ ఉదంతంలో మరో పాఠం ఉంది. మనిషి రక్తకణాలతో కూడా ముందే పరీక్షలు చేశారు, వాటిలోనూ ప్రమాద సూచన రాలేదు. ద్రవంలో తేలియాడే యాంటీబాడీకి ఆ కణాలు స్పందించలేదు. ఆ తరువాత బ్రిటన్ పరిశోధకులు అదే యాంటీబాడీని గిన్నె అడుగున ఆరబెట్టి, దాని మీద కణాలను పోస్తే, ఆ యువకుల రక్తంలో కనిపించిన రసాయనాలే వెల్లువగా వెలువడ్డాయి. కాబట్టి మనిషి కణాలను వాడినంత మాత్రాన మనిషి సమాధానం దొరకదు. శరీరంలో ఆ కణాలు ఉన్న పరిస్థితిని వాటికి కల్పిస్తేనే అవి నిజం చెబుతాయి.

ఫియాలురిడిన్ ఉదంతాన్ని ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ మందు నెమ్మదిగా చంపింది. 1993లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆవరణలో, దీర్ఘకాలిక హెపటైటిస్ బి వ్యాధి ఉన్న 15 మందికి ఈ మందు ఇవ్వడం ప్రారంభించారు. వైరస్ తన జన్యుపదార్థాన్ని నకలు చేసుకునేటప్పుడు సరైన ఇటుక బదులు నకిలీ ఇటుకగా దూరి పని చెడగొట్టడం దాని పద్ధతి. చిట్టెలుకలు, ఎలుకలు, కుక్కలు, కోతుల్లో ముందుగా చేసిన పరీక్షల్లో కాలేయం చెడిపోతుందన్న సూచనేదీ లేదు. వారాల తరబడి రోగులు కూడా బాగానే ఉన్నారు, వైరస్ తగ్గుముఖం పట్టింది. 13వ వారంలో ఒక రోగి పరిస్థితి ఉన్నట్టుండి విషమించడంతో వైద్యులు వెంటనే అందరికీ మందు ఆపివేశారు. ఆపిన తరువాత కూడా ఒకరి వెనుక ఒకరుగా మొత్తం ఏడుగురికి కాలేయం తీవ్రంగా దెబ్బతింది. వారిలో ఐదుగురు మరణించారు, ఇద్దరు కాలేయ మార్పిడితో బయటపడ్డారు.

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంటుంది. ఫియాలురిడిన్ ఆ డీఎన్ఏ నకళ్లలోనూ నకిలీ ఇటుకగా చేరిపోయింది. పాత మైటోకాండ్రియా ఉన్నంతకాలం కాలేయం నెట్టుకొచ్చింది, కొత్తగా ఏర్పడినవి పనికిరానివి కావడంతో నెలల తరువాత ఒక్కసారిగా కూలింది. మందు ఆపినా ప్రమాదం ఆగకపోవడానికి కారణం ఇదే, అప్పటికే నకళ్లలోకి చేరిన నకిలీ ఇటుకను వెనక్కు తీయడం సాధ్యం కాదు. చిట్టెలుకకు ఈ గతి పట్టకపోవడానికి గల కారణం 2006లో బయటపడింది. ఇటువంటి అణువులను లోపలికి చేరవేసే రవాణా ప్రోటీన్ ఒకటి మనిషి మైటోకాండ్రియా పొరలో ఉంటుంది, చిట్టెలుక మైటోకాండ్రియా పొరలో ఉండదు. తలుపు లేని ఇంట్లోకి విషం ప్రవేశించలేదు. 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, తమ కాలేయ కణాల స్థానంలో మనిషి కాలేయ కణాలు పెరిగిన చిట్టెలుకలకు ఫియాలురిడిన్ ఇచ్చారు. మామూలు చిట్టెలుకలకు ఏమీ కాలేదు. మనిషి కణాలున్న చిట్టెలుకల కాలేయాలు 1993 నాటి రోగుల కాలేయాల్లాగే దెబ్బతిన్నాయి. అంతకు ఇరవై ఏళ్ల ముందే ఈ పరీక్ష అందుబాటులో ఉండి ఉంటే ఆ ఐదుగురూ బతికి ఉండేవారని అనుకోకుండా ఆ ఫలితాలను చదవడం నాకు సాధ్యం కాలేదు.

మనిషి కాలేయాన్ని చిట్టెలుక ఒంట్లో పెంచే బదులు, జంతువు ప్రమేయమే లేకుండా నిలబెట్టే ప్రయత్నం మరోవైపు సాగుతోంది. మనిషి కాలేయ కణాలను చదునైన గాజు గిన్నెలో పెంచితే కొద్ది రోజుల్లోనే మందులను విడగొట్టే ఎంజైములను కోల్పోతాయి. ఆ స్థితిలో వాటిని ప్రశ్నించడం, స్పృహలో లేని సాక్షిని విచారించడం వంటిది. 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వీస్ సంస్థలో డాన్ హుహ్, డోనల్డ్ ఇంగ్‌బర్, వారి సహచరులు ఊపిరితిత్తిని చిప్ మీద నిర్మించారు. వేలెడంత పారదర్శక ముక్కలో రెండు సన్నని కాలువలు, వాటి మధ్య సూక్ష్మరంధ్రాల పొర, ఆ పొరకు ఒకవైపు ఊపిరితిత్తుల కణాలు, మరొకవైపు రక్తనాళాల కణాలు. పక్కనున్న గదుల్లో గాలిని లాగి వదిలితే పొర శ్వాసించినట్లు సాగి ముడుచుకుంటుంది. కాలేయ చిప్‌లో ఇదే ఏర్పాటుతో కాలేయ కణాల పక్కన వాటి సహజ పొరుగువారైన ఇతర కణాలను కూడా ఉంచి, పోషక ద్రవాన్ని ఆగకుండా ప్రవహింపజేస్తారు. టీజీఎన్ 1412 నేర్పిన పాఠం ఇక్కడ అమలవుతోంది.

ఇటువంటి 870 కాలేయ చిప్‌ల మీద 27 మందులను పరీక్షించిన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. మనుషుల్లో కాలేయానికి హాని చేస్తాయో లేదో ముందే తెలిసిన మందులవి, వాటిలో కొన్ని జంతు పరీక్షలు దాటివచ్చి రోగులకు కీడు చేసినవి. హానికర మందుల్లో 87 శాతాన్ని చిప్‌లు పట్టుకున్నాయి, సురక్షితమైన ఏ మందునూ హానికరమని పొరపాటు పడలేదు. ఆ చిప్‌లను తయారుచేసే సంస్థే ఈ పరిశోధనకు నాయకత్వం వహించింది కాబట్టి, ఇతర ప్రయోగశాలల్లోనూ ఇవే అంకెలు నిలవాలని కోరడం న్యాయం. అయినా జంతువులు దాటించిన మందులను ఈ చిన్న ముక్క ఆపగలిగిందన్న విషయం తేలిగ్గా తీసుకోదగినది కాదు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా తన చట్టాన్ని సవరించి, మనుషుల మీద ప్రయోగానికి ముందు జంతు పరీక్ష తప్పనిసరి అన్న నిబంధనను తొలగించింది. ఆ నిబంధన మూలం 1938 నాటి చట్టంలో ఉంది. డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపు ద్రావణిలో కరిగించి అమ్మిన సల్ఫనిలమైడ్ అనే మందు ద్రవం 1937లో 100 మందికి పైగా ప్రాణాలు తీయడంతో పుట్టిన చట్టమది. మృతుల్లో దాదాపు మూడోవంతు పిల్లలు. ఆ ద్రావణిని ముందుగా ఒక ఎలుక మీద పరీక్షించి చూసినా ఆ పిల్లలు దక్కేవారు. జంతు పరీక్షలు వృథా అని తొందరపడి తీర్పు చెప్పే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చిప్‌లకు ఉన్న పరిమితులు చిన్నవి కావు. వాటి తయారీకి ఎక్కువగా వాడే సిలికోన్ పదార్థం కొన్ని మందులను తనలోకి పీల్చుకోవడంతో, కణాలకు అందిన మోతాదు లెక్క తప్పుతుంది. ఒక దాత కణాలు ఇచ్చే సమాధానం మరొక దాత కణాలకు వర్తించకపోవచ్చు. కాలేయంలో మారిన మందు మూత్రపిండానికి చేరి అక్కడ చేసే హానిని ఒంటరి చిప్ చూపలేదు. గర్భం విషయంలో కష్టం మరీ ఎక్కువ, తల్లీ, మాయా (ప్లాసెంటా), పిండమూ కలిసి వారాల తరబడి మారుతూ ఉండే ప్రక్రియను ఏ చిప్పూ ఇంకా పూర్తిగా నిలబెట్టలేదు.

థాలిడోమైడ్, దాని సంతతి మందులు నేడు మల్టిపుల్ మైలోమా అనే రక్త కేన్సర్ చికిత్సలో లక్షల మంది ఆయుష్షును పెంచుతున్నాయి. అక్కడ కూడా పని జరిగేది సెరిబ్లాన్ ద్వారానే, కాకపోతే నాశనమయ్యేది కేన్సర్ కణం బతకడానికి ఆధారపడే ఇకారోస్ వంటి ప్రోటీన్. సెరిబ్లాన్‌ను ఆసరాగా చేసుకుని రోగకారక ప్రోటీన్లను తొలగించే కొత్త మందుల కోసం ఇప్పుడు ఎన్నో ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. అటువంటి కొత్త అణువును చాలాచోట్ల మనిషి మూలకణాలకు తగిలించి, కొన్ని గంటల తరువాత ఆ కణాల్లో సాల్-4 ఎంత మిగిలిందో కొలుస్తారు. అది తరిగిపోతే, ఆ అణువు ఎంత ఆశ కలిగించినదైనా, దాని నిర్మాణాన్ని మళ్లీ మొదటినుంచి దిద్దవలసి రావచ్చు.