సాల్మన్, అది పుట్టే ఏరు: అపోహలు - వాస్తవాలు

సియాటిల్ పక్కన ఇసాక్వాలో ఊరి మధ్యలోనే ఒక సాల్మన్ హ్యాచరీ, అంటే చేప గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచి వదిలే కేంద్రం, ఉంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడి వంతెన మీద నిలబడితే సముద్రం నుంచి ఎదురీది వచ్చిన చేపలు కాళ్ల కిందే కనిపిస్తాయి. వారాంతాల్లో మన తెలుగు కుటుంబాలు చాలా వస్తాయి. నేను ఈ వాషింగ్టన్ రాష్ట్రంలో వాగుల పునరుద్ధరణ పని చేస్తాను. తెలుగు మాట వినిపిస్తే ఆగి పలకరిస్తాను. ఏటా వినే మాటలు దాదాపు అవే. వాటిలో కొన్ని ఒకప్పుడు మా రంగంలోని వాళ్లు కూడా నమ్మినవే. అలా నమ్మి నదులకు నష్టం చేశారు కూడా. అందుకే రాస్తున్నాను.

అపోహ: చచ్చిన చేపలు కనిపిస్తున్నాయంటే ఏరు పాడైనట్టే.

"ఆంటీ, ఇవెందుకు చచ్చిపోతున్నాయి?" అని అడుగుతూ కొందరు పిల్లలు ఏడుస్తారు కూడా. ఇక్కడి నదుల్లోకి చినూక్, కోహో, సాకై, చమ్, పింక్ అని ఐదు రకాల పసిఫిక్ సాల్మన్ వస్తాయి. ఐదూ ఒక్కసారే గుడ్లు పెట్టి చనిపోతాయి. మన గోదావరి పులస గుడ్లు పెట్టాక మళ్లీ సముద్రానికి వెళ్లగలదు. వీటికి తిరుగు ప్రయాణం లేదు. ఏట్లోకి వచ్చాక తిండి మానేసి, ఒంట్లోని కొవ్వు, కండ కరిగించుకుంటూ పైకి వస్తాయి. చచ్చాక ఆ కళేబరం పురుగులకు, గద్దలకు, ఎలుగుబంట్లకు తిండి. ఎలుగులు గట్టు మీదకు లాక్కెళ్లి తినగా మిగిలింది చెట్లకు ఎరువు. సముద్రం నుంచి వచ్చిన నత్రజనిని ఏటిగట్టు చెట్లలో కొలిచి మరీ చూపించారు. చేపలు తగ్గిపోయిన వాగుల్లో హ్యాచరీ నుంచి తెచ్చిన కళేబరాలను కావాలనే వేస్తుంటారు.

భయపడాల్సిన చావు వేరే ఉంది. చచ్చిన ఆడచేప పొట్ట కోసి చూడటం మా పనిలో భాగం. గుడ్లన్నీ పెట్టేసి ఉంటే సంతోషం. పొట్ట నిండా గుడ్లు అలాగే ఉంటే ఆ రోజంతా మనసు బాగుండదు.

సియాటిల్‌లోని లాంగ్‌ఫెలో వాగు లాంటి చోట్ల ఇదే జరిగింది. వాగును బాగుచేశారు, కోహోలు తిరిగొచ్చాయి. కానీ వాన పడగానే దిక్కు తెలియనట్టు నీటిపైకి వచ్చి గిరగిరా తిరిగి, కొన్ని గంటల్లో చచ్చిపోయేవి. కారణం తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. 2020 డిసెంబరులో శాస్త్రవేత్తలు బయటపెట్టారు: కారు టైర్లు త్వరగా పగలకుండా రబ్బరులో కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది. టైరు అరిగినప్పుడు రోడ్డు మీద పడే పొడిలో అది ఉంటుంది, వానతో కొట్టుకుని వాగులో చేరుతుంది. అదే నీళ్లలో చమ్ బతుకుతుంది, కోహో చస్తుంది. చూడటానికి నీళ్లు తేటగానే ఉంటాయి. అయితే ఆ రోడ్డు నీళ్లనే ఇసుక, కంపోస్టు కలిపిన మట్టి గుండా వడగట్టి ఇస్తే కోహోలు బతికాయి. రోడ్ల పక్కన, పార్కింగ్ స్థలాల పక్కన పల్లంగా మొక్కలతో కనిపించే రెయిన్ గార్డెన్లు చేసే పని అదే. వాటిని అందం కోసం అనుకోకండి.

అపోహ: హ్యాచరీలున్నాయి కదా, పిల్లల్ని పెంచి వదిలితే సరిపోతుంది.

వాషింగ్టన్‌లో మొదటి హ్యాచరీ 1895లో కలామా నది మీద పెట్టారు. చేపలు వదలడంతోనే పనైపోయేదైతే, అంతకాలం వదిలాక కూడా 1999లో ప్యూజెట్ సౌండ్ (సియాటిల్ పక్కనుండే సముద్రపు పాయ) చినూక్‌ను అంతరించిపోయే ముప్పున్న చేపల జాబితాలో చేర్చాల్సి వచ్చేది కాదు. తొట్టెలో వేళకు మేత తింటూ పెరిగిన చేపకు వరద తెలియదు, కొంగ తెలియదు. తొట్టెలో బతకడానికి పనికొచ్చే గుణాలే తరతరానికీ మిగులుతాయి. తొట్టె చేపలు అడవి చేపలతో, అంటే ఏట్లోనే పుట్టి పెరిగినవాటితో, కలిస్తే ఆ బలహీనత వాటి సంతానానికీ వస్తుంది. అందుకే హ్యాచరీ పిల్లల్లో చాలావాటికి వీపు మీద తోక దగ్గరుండే చిన్న కొవ్వు రెక్కను గుర్తుగా కత్తిరించి వదులుతారు. వంతెన మీంచి చూసినప్పుడు గమనించండి. ఆ రెక్క ఉంటే చాలావరకు అది ఏట్లో పుట్టిన చేపే. అలాంటిది కనిపిస్తే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు పండగే.

హ్యాచరీలు పనికిరావని మాత్రం అనను. ఐడహోలోని రెడ్‌ఫిష్ సరస్సు సముద్రానికి దాదాపు 1,450 కిలోమీటర్ల దూరం, దారిలో ఎనిమిది డ్యాములు. 1992లో అక్కడికి తిరిగొచ్చిన సాకై ఒకే ఒక్కటి. ఆ కాలంలో వచ్చిన కొద్ది చేపలనూ పట్టి పెంచకపోయి ఉంటే ఆ వంశం ఈపాటికి ఉండేది కాదు. ప్రాణం పోతున్న రోగికి ఐసీయూ కావాలి. కానీ కోలుకున్నాక వెళ్లడానికి ఇల్లు ఉండాలి కదా. ఆ ఇల్లు కట్టడమే మా పని.

అపోహ: ఏట్లో పడ్డ చెట్లు చెత్త, తీసేస్తే నీళ్లు సాఫీగా పారతాయి.

మా రంగం చేసిన పెద్ద తప్పు ఇదే. 1950ల నుంచి 70ల దాకా ఇక్కడి ప్రభుత్వ శాఖలే, చేపల దారికి అడ్డమని, వాగుల్లోంచి దుంగల్ని లాగించేశాయి. నీళ్లు నిజంగానే సాఫీగా పారాయి, కాలువలా. చేప పిల్లకు కావాల్సింది అది కాదు. దుంగ అడ్డం పడితే దాని కింద నీరు తొలిచి మడుగవుతుంది, వెనకాల గులకరాళ్లు పేరుకుంటాయి. సాల్మన్ గుడ్లు పెట్టేది ఆ గులకరాళ్లలోనే. రాళ్ల సందుల్లోంచి నీరు కదులుతుంటేనే గుడ్లకు ఆక్సిజన్ అందుతుంది. బురద కప్పేస్తే ఊపిరాడక చస్తాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వరద రోజున తలదాచుకునేదీ ఆ దుంగ వేళ్ల మధ్యే.

ఇప్పుడు మేం వేళ్లతో సహా పెద్ద పెద్ద మానులను తెచ్చి, గట్టులోకి పాతి, వరదకు కొట్టుకుపోకుండా లెక్కలు కట్టి ఏట్లో పెడుతున్నాం. ఈ పనికి అనుమతి వేసవిలో కొన్ని వారాలే. ముందు వల కట్టి ఉన్న చేపల్ని పట్టి పక్కకు చేర్చాకే యంత్రం దిగాలి. "డబ్బులిచ్చి చెత్త వేయిస్తున్నారా?" అని గట్టు మీది ఇళ్లవాళ్లు అడుగుతారు. మరుసటి శీతాకాలం వరద పోయాక ఆ దుంగ కింద నడుంలోతు మడుగు, అందులో వేలెడంత కోహో పిల్లలు. పిలిచి చూపిస్తాను.

అపోహ: బీవర్ల ఆనకట్టలు సాల్మన్‌కు అడ్డు.

బీవర్ అంటే చెట్లు కొరికి వాగులకు అడ్డుకట్టలు కట్టే జంతువు. బీవర్, సాల్మన్ వేల ఏళ్లుగా కలిసి బతికాయి. బీవర్ చెరువులు కోహో పిల్లలకు మంచి నర్సరీలు. నీళ్లు పెరిగినప్పుడు పెద్ద చేపలు దూకో, పక్కనుంచో దాటిపోతాయి.

అపోహ: పెద్ద డ్యాములే సమస్య, వాటికీ ఫిష్ ల్యాడర్లు (చేపలు ఎక్కే మెట్లు) ఉన్నాయిగా.

అన్నిటికీ లేవు. మా రాష్ట్రంలోని ఎల్వా నది మీద 1913లో ఒక డ్యాము, 1927లో ఇంకొకటి కట్టారు, చేప ఎక్కే దారి లేకుండా. సాల్మన్‌కు మిగిలింది సముద్రం దగ్గర ఎనిమిది కిలోమీటర్లే. లోయర్ ఎల్వా క్లాలమ్ అనే స్థానిక అమెరికన్ తెగ దశాబ్దాలు పోరాడింది. 2011లో మొదలుపెట్టి 2014 కల్లా రెండూ తొలగించారు. 2023లో ఆ తెగవాళ్లు మళ్లీ తమ నదిలో కోహో పట్టారు. ఆరెగాన్, కాలిఫోర్నియాల గుండా పారే క్లామత్ నది మీద నాలుగు డ్యాముల తొలగింపు 2024లో పూర్తయింది. అదే అక్టోబరులో చినూక్‌లు ఆరెగాన్‌లోకి చేరాయి. 1912 తర్వాత అదే మొదటిసారి. ధవళేశ్వరం దాటలేని పులసను తలచుకోకుండా ఆ వార్త చదవలేకపోయాను.

కానీ రోజూ మీరు కారులో దాటే చిన్న అడ్డాలు కంటికి కనపడవు. రోడ్డు కింద వాగు పారడానికి వేసిన పైపు, అంటే కల్వర్ట్, ఇరుకైతే నీళ్లు జోరుగా దూకుతాయి. కొన్నాళ్లకు దిగువన నేల కోసుకుపోయి పైపు గాల్లో వేలాడుతుంది. చేప అక్కడే ఆగిపోతుంది. 1850లలో అమెరికా ప్రభుత్వం తెగలతో చేసుకున్న ఒప్పందాల్లో చేపలు పట్టే హక్కు ఉంది. అరెస్టులకు వెరవకుండా ఆ హక్కు కోసం నిలబడ్డ బిల్లీ ఫ్రాంక్ జూనియర్ లాంటివాళ్ల పోరాటం వల్ల 1974లో జడ్జి బోల్ట్ తీర్పు వచ్చింది, పట్టదగ్గ చేపల్లో సగం తెగలదని. చేపే రాకపోతే సగం హక్కుతో ఏం చేసుకోవాలి? తెగలు మళ్లీ కోర్టుకెళ్లాయి. కల్వర్టులు సరిచేయాలన్న ఆదేశం 2018లో సుప్రీంకోర్టులోనూ నిలిచింది. హైవే పనుల వల్ల ట్రాఫిక్ ఆగినప్పుడు విసుక్కునే ముందు చూడండి, చాలాచోట్ల అవే పనులు.

అపోహ: చలిదేశం, నీళ్లు చల్లగానే ఉంటాయి.

నీరు 20 డిగ్రీలు దాటితే సాల్మన్‌కు కష్టం. 2015 వేసవిలో కొలంబియా నదిలో వేడికి చచ్చిన సాకైలు దాదాపు రెండున్నర లక్షలని అంచనా. గట్టున నీడ ఉంటే చిన్న వాగులు చల్లగా ఉంటాయి. మేం నాటే ప్రతి దేవదారు, విల్లో మొక్క అందుకే.

అపోహ: అడవి సాల్మన్ తినడమే తప్పు.

నది బాగుండి, లెక్క చూసి పడితే తప్పు కాదు. అలాస్కాలోని బ్రిస్టల్ బేకు 2022లో దాదాపు 7 కోట్ల 90 లక్షల సాకైలు వచ్చాయి. అక్కడ నదులకు డ్యాములు లేవు, సరస్సులు చెక్కుచెదరలేదు. షాపులో అట్లాంటిక్ సాల్మన్ అని రాసి ఉంటే అది దాదాపు ఎప్పుడూ పెంపకం చేపే.

ఒక చిన్న విన్నపం. అక్టోబరు నుంచి వసంతం దాకా పిల్లల్నీ కుక్కల్నీ వాగులోకి దిగనివ్వకండి. చుట్టూ నాచు పట్టిన రాళ్ల మధ్య కొంతమేర గులకరాళ్లు కడిగినట్టు తెల్లగా కనిపిస్తే, అది ఆడచేప తోకతో తవ్విన గుడ్ల గూడు. వేల గుడ్లు ఆ రాళ్ల కింద, ఒక్క అడుగు లోతులో ఉంటాయి.