ఇంజిన్ దిగింది, వైర్లు మిగిలాయి

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఉత్తరం చేరింది. పాత పికప్‌లో పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ దించారని, బోల్టులన్నీ బిగించారని, అయినా బండి లేవడం లేదని రాశారు. కింద చిన్నోడి ప్రశ్న ఉంది: "ఇంజిన్ కూర్చుంది కదా తాతయ్యా, మరి ఆ వైర్లన్నీ ఎందుకు వేలాడుతున్నాయి?" నాన్నా, ఇంజిన్ మార్చే పనిలో అందరూ తక్కువగా లెక్కేసేది ఆ వైర్లనే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

డీజిల్ ఇంజిన్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని 16 నుంచి 22 రెట్లు కుదిస్తే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. డీజిల్ దాదాపు 210 డిగ్రీలకే తనంతట తాను అంటుకుంటుంది కాబట్టి, నోజిల్ దాన్ని ఆ గాలిలోకి చిమ్మితే చాలు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించింది ఈ సూత్రాన్నే. అంటే పాత ఇంజిన్ స్పార్క్ ప్లగ్గులకు, ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లిన వైర్లకు ఇక పని లేదు. పాతకాలపు మెకానికల్ పంపు ఉన్న డీజిల్ ఇంజిన్ ఒకసారి తిరగడం మొదలెట్టాక, అది ఆగకుండా నడవడానికి చాలావాటిలో ఒకే ఒక్క వైరు చాలు. అది పంపు మీది కట్ ఆఫ్ సోలినాయిడ్‌కు 12 వోల్టులు ఇచ్చే వైరు. కరెంటు ఉంటే డీజిల్ దారి తెరుచుకుంటుంది, పోతే మూసుకుని ఇంజిన్ ఆగుతుంది. మా చిన్నతనంలో లారీల డ్యాష్‌బోర్డు కింద దీనికి బదులు ఒక పిడి ఉండేది. దాన్ని లాగి పట్టుకుంటే ఇంజిన్ ఆగేది.

నడవడానికి ఒక్క వైరు చాలు, నిజమే. కానీ లేవడానికి సెల్ఫ్ కావాలి, చలిలో సిలిండర్లను ముందే వేడిచేసే హీటర్ ప్లగ్గులు కావాలి, బ్యాటరీ నిండడానికి ఆల్టర్నేటర్ కావాలి, డ్రైవరు ముందు ముళ్లు కదలాలి. చిక్కంతా ఇక్కడే.

బ్యాటరీని చెరువు అనుకోండి. వోల్టేజి అంటే చెరువులో నీటి మట్టం, ఆంపియర్లంటే కాలువలో పారే నీరు, వైరు మందమంటే కాలువ వెడల్పు. పెద్ద మడికి సన్నని పిల్లకాలువ తవ్వితే నీరు సగం దారిలోనే ఇంకిపోతుంది కదా. వైరులో అలా ఇంకిపోయేదంతా వేడిగా మారుతుంది. లెక్క చూడండి. ఒక్కో హీటర్ ప్లగ్ సుమారు 10 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది, నాలుగింటికి 50 అనుకుందాం. బ్యాటరీ నుంచి 2 మీటర్ల రాగి వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల మందంతో వేస్తే, దారిలో దాదాపు 1.2 వోల్టులు పోతాయి, ఆ వైరు దగ్గర దగ్గర 60 వాట్ల బల్బంత వేడి పుట్టించి తొడుగును కరిగిస్తుంది. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది 0.3 వోల్టు. ఈ లెక్క మీరే చేసుకోవచ్చు: 0.0175ను మీటర్లతో గుణించి, చదరపు మిల్లీమీటర్లలో ఉన్న వైరు మందంతో భాగించి, ఆంపియర్లతో గుణిస్తే పోయే వోల్టులు వస్తాయి.

సెల్ఫ్ సంగతి ఇంకా పెద్దది. కుదింపు ఎక్కువ కాబట్టి డీజిల్ ఇంజిన్‌ను తిప్పడానికి సెల్ఫ్ కొన్ని వందల ఆంపియర్లు తాగుతుంది. పెట్రోల్ ఇంజిన్‌కు వేసిన పాత కేబులు దానికి చాలదు. 50 గానీ 70 గానీ చదరపు మిల్లీమీటర్ల కేబులు వేయాలి, చివర ఉండే లోహపు కొసను, అంటే లగ్గును, సుత్తితో కొట్టకుండా క్రింపింగ్ పరికరంతో నొక్కాలి.

ఇంత నీటిని తాళంచెవి స్విచ్చి గుండా పంపితే లోపలి పలకలు మాడిపోతాయి. అందుకని మధ్యలో తూము పెడతారు, దాని పేరే రిలే. పెద్ద కాలువ తలుపు ఎత్తడానికి చిన్న పిడి తిప్పితే చాలినట్టు, రిలే చుట్టలో ఆంపియరులో ఐదో వంతు కూడా పారకుండానే 30, 40 ఆంపియర్ల దారి తెరుచుకుంటుంది. రిలే కాళ్ల మీద అంకెలుంటాయి. 30కి బ్యాటరీ నుంచి వచ్చే వైరు, 87కి పనిముట్టుకు వెళ్లే వైరు, 85, 86లకు చుట్ట. హీటర్ ప్లగ్గులకు మామూలు 40 ఆంపియర్ల రిలే చాలదు, వాటి కోసమే చేసిన పెద్ద రిలే పెట్టాలి.

ఇక ఫ్యూజు. మోతకు మించి నీరు వస్తే తనంతట తానే పడిపోయే తలుపు అది. దాన్ని కాలువ తలకట్టులో, చెరువు పక్కనే పెట్టాలి. చివర పెడితే మధ్యలో గండి పడినప్పుడు ఆపేదెవరు? ఫ్యూజు కాపాడేది వైరును, పనిముట్టును కాదు. కాబట్టి వైరు భరించేదానికంటే తక్కువ అంకె ఫ్యూజు వేయాలి. మాటిమాటికీ ఎగిరిపోతోందని పెద్ద ఫ్యూజు వేసినవాళ్ల బండి తగలబడుతుంది.

చేనుకు చేరిన నీరు వెనక్కి రాదు, కరెంటు మాత్రం చెరువుకు తిరిగి రావాల్సిందే. అందుకే ఈ చెరువుకు తిరుగు కాలువ కూడా తవ్వాలి. అదే ఎర్త్. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులోంచి కరెంటు పారదు. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ బ్లాకుకు మందమైన కేబులు, ఇంజిన్ నుంచి చాసీకి ఒక పట్టీ, చాసీ నుంచి క్యాబిన్‌కు ఇంకొకటి ఉండాలి. ఇవి మరిచిపోతే సెల్ఫ్ తాగిన వందల ఆంపియర్లు యాక్సిలరేటర్ తీగ గుండానో క్లచ్ తీగ గుండానో దారి వెతుక్కుంటాయి, ఆ తీగ కాలి బిగుసుకుపోతుంది. లగ్గు కింద రంగు గీకి, మెరిసే ఇనుము కనిపించాకే బిగించాలి. పరీక్ష సులువే. సెల్ఫ్ తిరుగుతుండగా మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద పెట్టాలి. 0.3 వోల్టు దాటితే తిరుగు కాలువలో పూడిక ఉన్నట్టే. ప్లస్ వైపు బ్యాటరీకీ సెల్ఫ్ బోల్టుకూ మధ్య 0.5 దాటకూడదు.

"సెల్ఫ్ తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు" అని రాశారు. దీనికి తరచు కనిపించే కారణం ఒకటుంది. తాళం 'స్టార్ట్'కు తిప్పగానే రేడియో, ఫ్యాన్ లాంటివాటికి వెళ్లే వైరులో కరెంటు ఆగిపోతుంది, సెల్ఫ్‌కు బలం మిగలడానికి అలా ఏర్పాటు చేశారు. కట్ ఆఫ్ సోలినాయిడ్‌ను ఆ వైరుకు కలిపితే సెల్ఫ్ తిరిగినంతసేపూ డీజిల్ దారి మూసే ఉంటుంది. 'ఆన్'లోనూ 'స్టార్ట్'లోనూ కరెంటు ఉండే వైరేదో టెస్ట్ ల్యాంపుతో వెతికి, దానికే కలపమని నాన్నకు చెప్పండి. వరుస పంపులున్న కొన్ని ఇంజిన్లలో సోలినాయిడ్‌కు రెండు చుట్టలుంటాయి. లాగే చుట్ట పదుల ఆంపియర్లు తాగుతుంది, సెల్ఫ్ తిరిగేటప్పుడు మాత్రమే దానికి కరెంటు ఇవ్వాలి. పట్టి ఉంచే చుట్ట కొంచెంతోనే సరిపెట్టుకుంటుంది. రెండింటినీ ఒకేచోట కలిపితే మొదటిది కొద్దిసేపట్లోనే కాలిపోతుంది.

తాళం తీసినా ఇంజిన్ ఆగకపోతే ఆల్టర్నేటర్‌ను అనుమానించండి. ఛార్జింగ్ దీపం వైరు గుండా దాని కరెంటు వెనక్కి పారి సోలినాయిడ్‌ను పట్టి ఉంచుతుంది. ఆ వైరులో కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడు ఒకటి పెడితే సరి. ఆ దీపాన్ని మాత్రం తీసేయకండి, చాలా ఆల్టర్నేటర్లు దాని గుండా వచ్చే కొద్దిపాటి కరెంటుతోనే మేలుకుంటాయి. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ముల్లు కూడా తప్పు చెబుతుంది. పెట్రోల్ బండిలో అది కాయిల్ దెబ్బల్ని లెక్కపెట్టేది, ఇప్పుడు కాయిలే లేదు. ఆల్టర్నేటర్ మీద 'డబ్ల్యూ' అని రాసిన బోల్టు నుంచి సంకేతం తీసుకుని, సరిచేసుకోగల మీటరు పెట్టుకోవాలి. వేడి, ఆయిల్ ప్రెషర్ ముళ్లకైతే వాటిని పసిగట్టి మీటరుకు చెప్పే పాత బండి సెండర్లనే కొత్త ఇంజిన్‌కు బిగించండి. సెండరు ఒక జాతిది, మీటరు ఇంకో జాతిది అయితే ముల్లు అబద్ధమాడుతుంది.

లారీ నుంచి తీసిన ఇంజినైతే సెల్ఫ్, ఆల్టర్నేటర్, హీటర్, సోలినాయిడ్ అన్నీ 24 వోల్టులవి కావచ్చు. వాటి మీద రాసిన అంకె చదవకుండా ఏదీ కలపకూడదు.

కంప్యూటరు ఉన్న కామన్ రైల్ ఇంజిన్ లెక్కే వేరు. అందులో నోజిళ్లన్నిటికీ ఒకే గొట్టం (రైలు) నుంచి డీజిల్ అందుతుంది. దాని వైరింగ్ మొత్తం, కంప్యూటరు, తాళం గుర్తించే పెట్టె, ఆ తాళంచెవి, యాక్సిలరేటర్ పెడల్ అన్నీ ఒకే బండి నుంచి రావాలి. తీసేటప్పుడు వైర్లు కోయకుండా కనెక్టర్లు విప్పి, ప్రతిదానికీ చీటీ కట్టాలి. సెన్సర్ల ఎర్త్ కంప్యూటరుకే వెళ్లాలి, చాసీకి కలిపితే లెక్కలు తప్పుతాయి. బ్రేక్ స్విచ్చి, క్లచ్ స్విచ్చి, బండి వేగం సంకేతం అందకపోతే చాలా కంప్యూటర్లు ఇంజిన్ బలాన్ని తగ్గించేస్తాయి. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే, మెలిపెట్టిన క్యాన్ వైర్ల జంట మధ్య, బ్యాటరీ తీసి కొలిస్తే 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక చివర తెగిందని అర్థం. చాసీ మీద వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ, కంప్యూటరు రెండూ విప్పాలి. ఆ రైలులో పీడనం 1,600 బార్లు కూడా దాటవచ్చు (ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత), కారుతోందేమోనని వేలు పెట్టి చూడకూడదు. అది చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఇంజిన్ దించక ముందే వేయాల్సిన లెక్కలు కొన్ని ఉన్నాయి. నాలుగు సిలిండర్ల 3.9 లీటర్ల కమిన్స్ 4బీటీ లాంటిదైతే దాదాపు 340 కిలోలుంటుంది, చిన్న పికప్‌లో ముందున్న పెట్రోల్ ఇంజిన్‌కు దగ్గర దగ్గర రెట్టింపు. ముందు స్ప్రింగులు మార్చకపోతే బండి ముక్కు నేలకు వంగుతుంది. ఆయిల్ ఛాంబర్‌కూ ముందు యాక్సిల్‌కూ మధ్య ఎడం, స్ప్రింగులు పూర్తిగా అణిగినప్పుడు ఎంత ఉంటుందో చూడాలి. ఇంజిన్‌ను గేర్‌బాక్సుకు కలిపే బెల్‌హౌసింగ్ అడాప్టరు, ఫ్లైవీలు, క్లచ్ ప్లేటు, పైలట్ బేరింగు ఒకదానితో ఒకటి కలిసేవై ఉండాలి. రేడియేటరు, ఇంటర్‌కూలరు, సైలెన్సరు దారి చోటును బట్టి కుదురుతాయి.

గేర్ల లెక్క మాత్రం కాగితం మీదే తేలాలి. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు, యాక్సిల్‌లోని క్రౌన్ పినియన్ గేర్ల నిష్పత్తి 4.56 అనుకోండి. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర చక్రం నిమిషానికి 606 సార్లు తిరుగుతుంది, టాప్ గేరు ఒకటికి ఒకటైతే ఇంజిన్ 2,760 దాటుతుంది. పెట్రోల్‌కు అది హాయి, ఇలాంటి బరువైన డీజిల్‌కు దాదాపు పైహద్దు. 3.54 క్రౌన్ పినియన్ వేస్తే 2,145కి దిగుతుంది.

బ్రేకుల విషయం మరీ ముఖ్యం. పెట్రోల్ ఇంజిన్ గాలిగొట్టంలో పుట్టే వాక్యూమ్ బ్రేకు బూస్టరుకు బలమిచ్చేది. డీజిల్‌కు అలాంటి వాక్యూమ్ పుట్టదు. వాక్యూమ్ పంపు ఉందో లేదో చూడకుండా బండిని అంగుళం కూడా కదపనివ్వకండి.

ట్యాంకు కడగాలి, ఎందుకంటే డీజిలే పంపుకు నూనె, పెట్రోల్ కలిస్తే పంపు అరిగిపోతుంది. పెట్రోల్ ట్యాంకులోని కరెంటు పంపు పీడనం, నోజిళ్లకు డీజిల్ పంపే రోటరీ పంపుకు మించిపోతుంది కాబట్టి దాన్ని తీసేయాలి. నీరు వేరుచేసే ఫిల్టరు, మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగివచ్చే గొట్టం తప్పనిసరి. పీల్చే వైపు గొట్టంలో సన్న బెజ్జం ఉంటే చుక్క కూడా బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, ఇంజిన్ లేచి చస్తుంది. అడుగు పొడవు పారదర్శక గొట్టం తాత్కాలికంగా పెడితే బుడగలు కనబడతాయి.

మొదటిసారి బ్యాటరీ కలిపేటప్పుడు నెగటివ్ కేబులుకూ బ్యాటరీకీ మధ్య 21 వాట్ల బల్బు ఒకటి పెట్టమనండి. తాళం తీసి ఉన్నప్పుడు అది పూర్తిగా వెలిగితే ఎక్కడో వైరు బాడీకి తాకుతోందన్నమాట. తర్వాత సోలినాయిడ్ వైరు విప్పి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్‌ను కొన్ని సెకన్ల చొప్పున తిప్పాలి. ఇంజిన్ అదుపు తప్పి పరిగెడితే గాలి దారి మూయడానికి మందమైన పలక ఒకటి చేతికందేలా ఉంచాలి. అరచెయ్యి ఎన్నడూ అడ్డం పెట్టకూడదు. ఆ సమయంలో మీరు దూరంగా నిలబడండి.

మీకూ ఒక పని ఇస్తున్నాను. పెద్ద కాగితం తీసుకుని ప్రతి వైరుకూ ఒక వరుస రాయండి: ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎన్ని ఆంపియర్లు, ఎంత మందం, ఏ ఫ్యూజు, ఏ రంగు. ఆ కాగితం లేకుండా కత్తెర పట్టుకోవద్దని నాన్నకు నా మాటగా చెప్పండి.

అది పూర్తయ్యాక పాత వైరింగ్ నుంచి తీసిన రిలే ఒకటి అడిగి తీసుకోండి. పైమూత జాగ్రత్తగా ఊడదీసి, 9 వోల్టుల చిన్న బ్యాటరీని 85, 86 కాళ్లకు తాకించండి. వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్ట ఇనుప రేకును ఎలా లాక్కుంటుందో చూసి, బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య