గుర్తు మార్పులు మూడుంటే మూలాలూ మూడేనా? వాస్తవ మూలాల లెక్క మీద అపోహలు - వాస్తవాలు

ఇంటర్ సెకండియర్ పిల్లలకు సమీకరణ వాదం చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఏ బ్యాచ్ వచ్చినా అవే పొరపాట్లు, అదే ధీమా. మొన్న స్లిప్ టెస్టులో ఎక్స్³ − ఎక్స్² + ఎక్స్ − 1 = 0 కి వాస్తవ మూలాలు (ఎక్స్ బదులు పెడితే సమీకరణం నిజమయ్యే వాస్తవ సంఖ్యలు) ఎన్ని అని అడిగితే సగానికి పైగా పేపర్లలో "మూడు" అని, పక్కనే "గుర్తు మార్పులు 3 కాబట్టి" అని ఉంది. సరైన జవాబు ఒకటి. పిల్లల్ని తప్పుపట్టను, గుణకాల గుర్తులు ఎన్నిసార్లు మారాయో చూసే డెకార్ట్ నియమాన్ని వాళ్లకు సగమే అప్పజెప్పారు, మిగతా సగం ఎవరూ చెప్పలేదు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది: "ఎన్ని ఉండొచ్చు" అనేది ఒక ప్రశ్న, "ఎన్ని ఉన్నాయి" అనేది వేరే ప్రశ్న. మొదటిదానికి వచ్చిన జవాబు తెచ్చి రెండోదాని కింద రాసేస్తున్నారు. (ఈ పోస్టులో గుణకాలన్నీ వాస్తవ సంఖ్యలే అనుకోండి.)

అపోహ: పరిమాణం (ఎక్స్ మీదున్న అతిపెద్ద ఘాతం) ఎంతో మూలాలు అన్ని.

వాస్తవం: సంకీర్ణ మూలాల్ని (వాస్తవ సంఖ్యలు కానివాటిని) కూడా కలిపి, పునరావృతమైనవాటిని అన్నిసార్లూ లెక్కేస్తేనే ఆ మాట నిజం. ఎక్స్⁴ + 1 = 0 కి వాస్తవ మూలం ఒక్కటీ లేదు. సంకీర్ణ మూలాలు జంటలుగానే వస్తాయి కాబట్టి ఏడో పరిమాణ సమీకరణానికి వాస్తవ మూలాలు 7, 5, 3, లేదా 1 ఉండొచ్చు, 4 ఉండే ప్రసక్తే లేదు. పరిమాణం బేసి అయితే ఒక్కటైనా గ్యారంటీ, సరి అయితే ఆ గ్యారంటీ కూడా లేదు.

అపోహ: డెకార్ట్ నియమం మూలాల సంఖ్య చెప్పేస్తుంది.

వాస్తవం: ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. రెనే డెకార్ట్ 1637లో ఇచ్చిన ఈ నియమం ధన మూలాలకు ఒక పైహద్దు మాత్రమే ఇస్తుంది. గుణకాల్ని వరసగా పెట్టి ప్లస్ నుంచి మైనస్‌కి, మైనస్ నుంచి ప్లస్‌కి ఎన్నిసార్లు మారాయో చూస్తాం. ధన మూలాలు అంతకు మించవు, తక్కువైతే రెండేసి చొప్పున తగ్గుతాయి. స్లిప్ టెస్టు లెక్కలో మార్పులు 3 కాబట్టి ధన మూలాలు 3 లేదా 1. ఆ సమీకరణం (ఎక్స్ − 1)(ఎక్స్² + 1) = 0 గా విడిపోతుంది, ఏ వాస్తవ సంఖ్య పెట్టినా ఎక్స్² + 1 సున్నా కాదు, కాబట్టి మిగిలింది ఒకటే. మార్పులు 0 లేదా 1 అయినప్పుడు మాత్రం నియమం కచ్చితమైన సంఖ్యే ఇస్తుంది, అప్పుడు ఇంకేమీ వెతకక్కర్లేదు.

రుణ మూలాలకు ఎక్స్ బదులు −ఎక్స్ పెట్టి మళ్లీ లెక్కించాలి. సున్నా గుణకాల్ని దాటేయాలి. ఎక్స్ = 0 మూలమైతే దాన్ని ముందే కారణాంకంగా బయటికి తీసి విడిగా లెక్కేసుకోవాలి, చాలామంది మర్చిపోయేది దీన్నే.

ఇంత చెప్పాక ఈ నియమాన్ని తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు, నాకిది చాలా ఇష్టం. ఎక్స్¹⁰⁰ − 5ఎక్స్³ + 2 = 0 చూడండి. వందో పరిమాణం అనగానే క్లాసులో టెన్షన్ మొదలవుతుంది. గుర్తులు ప్లస్, మైనస్, ప్లస్, అంటే మార్పులు రెండు, ధన మూలాలు 2 లేదా 0. −ఎక్స్ పెడితే అన్నీ ప్లస్సులే, రుణ మూలాలు లేవు. ఇక 0 దగ్గర విలువ 2, 1 దగ్గర −2, 2 దగ్గర పెద్ద ధన సంఖ్య. అంటే 0కీ 1కీ మధ్య ఒకటి, 1కీ 2కీ మధ్య ఒకటి. వాస్తవ మూలాలు సరిగ్గా రెండు, మిగతా 98 సంకీర్ణాలు. పెన్ను కదిపింది రెండు లైన్లు.

అపోహ: రెండు చోట్లా విలువల గుర్తు ఒకటే అయితే మధ్యలో మూలం లేదు.

వాస్తవం: 25ఎక్స్² − 25ఎక్స్ + 6 లో −1, 0, 1, 2 పెట్టి చూడండి: 56, 6, 6, 56. ఏ పూర్ణాంకం పెట్టినా ధన సంఖ్యే వస్తుంది. కానీ అది (5ఎక్స్ − 2)(5ఎక్స్ − 3), రెండు మూలాలూ 0కీ 1కీ మధ్యే ఉన్నాయి. పట్టిక వేసి గ్రాఫ్ గీసేవాళ్లు దీన్ని తప్పకుండా దాటేసి పోతారు. గుర్తు మారితే మధ్యలో ఒక్కటైనా ఉందని అర్థం, మారకపోతే లేదని అర్థం కాదు.

అపోహ: అవకలజానికి (డెరివేటివ్, వక్రం వాలు చెప్పేది) రెండు మూలాలుంటే అసలు సమీకరణానికి మూడు.

వాస్తవం: మూడుకు మించవు, అంతే, రోల్ సిద్ధాంతం (రెండు మూలాల మధ్య అవకలజం ఒక్కసారైనా సున్నా అవుతుందనేది) ఇచ్చే హామీ అంతవరకే. ఎక్స్³ − 3ఎక్స్ + కె తీసుకోండి. కె ఏదైనా అవకలజం సున్నా అయ్యేది −1, 1 దగ్గరే. అక్కడ విలువలు కె + 2, కె − 2. కె = 1 అయితే ఒకటి ధనం, ఇంకొకటి రుణం, మూడు మూలాలు. కె = 3 అయితే రెండూ ధనమే, ఒక్క మూలమే. కె = 2 దగ్గర వక్రం అక్షాన్ని తాకి వెనక్కి వస్తుంది, 1 రెండుసార్లు మూలం, −2 ఒకసారి. అవకలజం మూడింటికీ ఒకటే అయినా మూలాల లెక్క వేరు. మలుపు దగ్గర విలువ చూడకుండా ఏమీ చెప్పలేం.

అపోహ: నాలుగో పరిమాణం దాటితే సూత్రం లేదు కాబట్టి ఎన్ని మూలాలో కూడా తెలియదు.

వాస్తవం: సాధారణ ఐదో పరిమాణ సమీకరణానికి వర్గమూలం, ఘనమూలం లాంటి మూల చిహ్నాలతో రాసే సూత్రం ఉండదని 1824లో గణితవేత్త ఆబెల్ నిరూపించాడు, నిజమే. కానీ విలువ కనుక్కోవడం వేరు, లెక్కపెట్టడం వేరు. ఎక్స్⁵ − 4ఎక్స్ + 2 = 0 మూలాల్ని అలాంటి సూత్రంతో రాయలేం, అయినా −2, −1, 0, 1, 2 దగ్గర విలువలు −22, 5, 2, −1, 26. గుర్తు మూడుసార్లు మారింది, కనీసం మూడు. డెకార్ట్ ప్రకారం ధనం రెండు, రుణం ఒకటి మించవు. కాబట్టి సరిగ్గా మూడు.

ఇలా కలిసిరానప్పుడు గణితవేత్త స్టర్మ్ ఉన్నాడు. 1829లో ఆయన ఇచ్చిన పద్ధతి హద్దు కాదు, కచ్చితమైన సంఖ్యే ఇస్తుంది. బహుపది, దాని అవకలజం, తర్వాత భాగహారం చేసి వచ్చిన శేషాన్ని గుర్తు మార్చి రాయాలి, అలా చివరిదాకా వెళ్లాలి. ఎక్స్³ − 3ఎక్స్ + 1 కి చేద్దాం. అవకలజాన్ని 3తో భాగిస్తే ఎక్స్² − 1. శేషం −2ఎక్స్ + 1, గుర్తు మారిస్తే 2ఎక్స్ − 1. మళ్లీ భాగిస్తే శేషం −3/4, గుర్తు మారిస్తే 3/4. ఎక్స్ బాగా పెద్ద రుణ సంఖ్య అయితే గుర్తులు −, +, −, +, మార్పులు 3. సున్నా దగ్గర +, −, −, +, మార్పులు 2. బాగా పెద్ద ధన సంఖ్య దగ్గర అన్నీ ప్లస్సులే, మార్పులు 0. రెండు చోట్ల మార్పుల తేడాయే వాటి మధ్య ఉన్న మూలాల సంఖ్య: 3 నుంచి 2 తీస్తే రుణ మూలం ఒకటి, 2 నుంచి 0 తీస్తే ధన మూలాలు రెండు.

మధ్యలో అంకెలు తగ్గించుకోడానికి ధన సంఖ్యతో భాగించొచ్చు, రుణ సంఖ్యతో మాత్రం వద్దు, గుర్తులన్నీ తారుమారైపోతాయి. ఇంకొకటి, స్టర్మ్ వేరువేరు మూలాల్నే లెక్కేస్తాడు, పునరావృతమైనదాన్ని ఒక్కసారే. కె = 2 లెక్కకు ఆయన జవాబు 2, డెకార్ట్ పద్ధతిలో పునరావృతంతో కలిపి 3. రెండూ సరైనవే.

అపోహ: ఇప్పుడు కంప్యూటర్ ఉంది కదా, మూలాలన్నీ తెప్పించి వాస్తవమైనవి ఏరుకుంటే సరి.

వాస్తవం: 1 నుంచి 20 వరకు ఒక్కో పూర్ణాంకం మూలంగా ఉండే బహుపదిని గణితవేత్త విల్కిన్సన్ పరిశీలించాడు. అందులో ఎక్స్¹⁹ గుణకం −210. దాన్ని సుమారు 0.00000012 తగ్గిస్తే చాలు, ఇరవైలో పది మూలాలు సంకీర్ణాలైపోతాయి. కంప్యూటర్ గుణకాన్ని గుండ్రం చేసినప్పుడు వచ్చే తేడాలు కూడా ఇలాగే దెబ్బతీయొచ్చు. అదే కంప్యూటర్‌తో దశాంశాల జోలికి పోకుండా భిన్నాల్ని భిన్నాలుగానే ఉంచి స్టర్మ్ వరస చేయిస్తే, మొదటిదానికి 20 అని, మార్చినదానికి 10 అని తేడా లేకుండా చెబుతుంది.