టైరు లోపలి అంచు

ఎచ్చెర్ల దగ్గర హైవే పక్కన పంక్చర్లు వేసే కుర్రాడు మా కారు ముందు టైరు విప్పి, మేకు సంగతి పక్కన పెట్టి, "ఇక్కడ సెయ్యెట్టి సూడండి బావూ" అన్నాడు. బయటి నుంచి చూస్తే ఆ టైరు ఇంకో ఏడాది తిరిగేలా ఉంది. లోపలి అంచు మాత్రం గుండైపోయింది. ఒకచోట రబ్బరు పూర్తిగా పోయి ఉక్కు తీగలు సన్నగా మెరుస్తున్నాయి. ముందురోజు పిల్లల్ని ఎక్కించుకుని సాలూరు ఘాట్ దిగి వచ్చింది ఆ టైరు మీదే.

చక్రం కారు లోపలి వైపుకి తిప్పి చూపించే అంచు మన కంటపడదు. అందుకే ఆగి ఉన్న కారు స్టీరింగ్‌ని చివరిదాకా తిప్పి, దిగి, ముందు టైరుని వెనక వైపు నుంచి చూడాలి. అంతే పని. నాకు ఆ రోజుదాకా తోచలేదు.

ఒక్క అంచే ఎందుకు అరుగుతుంది? ముందు చక్రాలు రెండూ దాదాపు సమాంతరంగా ఉండాలి. ఆ లెక్కని మెకానిక్కులు టో అంటారు. చక్రం తిన్నగా కాక అర డిగ్రీ పక్కకి తిరిగి ఉందనుకోండి. అర డిగ్రీ కంటికి ఆనదు. కానీ కారు కిలోమీటరు వెళ్ళేసరికి ఆ టైరు దాదాపు 9 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టే. శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్ళొచ్చేలోపు ఎంత రబ్బరు రోడ్డుకి రాసుకుపోతుందో ఊహించుకోండి. దీనికి ఒక గుర్తుంది. టైరు మీద అరచేత్తో అడ్డంగా నిమిరితే ఒకవైపు నున్నగా జారుతుంది, వెనక్కి లాగితే రంపపు పళ్ళలా గీరుకుంటుంది. చక్రం నిలువుగా కాక లోపలికో బయటికో ఒరిగి ఉంటే అది క్యాంబర్. అప్పుడు కూడా ఒక అంచే పోతుంది గానీ ఈ గీరుడు అంతగా ఉండదు.

టో, క్యాంబర్ లాంటివి సరిగ్గా ఉండటమే అలైన్‌మెంట్. "బండి ఒక పక్కకి లాగట్లేదు కదా, అలైన్‌మెంట్ బాగానే ఉన్నట్టు" అని నేనూ అనుకున్నాను. టో తేడాని రెండు ముందు చక్రాలూ చెరిసగం పంచుకుంటే కారు తిన్నగానే పోతుంది, టైర్లు మాత్రం రెండూ అరుగుతాయి. ఇక 80 దాటాక స్టీరింగ్ వణికితే అది చాలావరకు బ్యాలెన్సింగ్ సమస్య. రిమ్ముకి చిన్న చిన్న బరువులు అతికించి సరిచేస్తారు. అదీ ఇదీ ఒకటి కాదు.

గాలి విషయంలో మన వైపు ఒక అలవాటు నన్ను నిజంగా భయపెడుతుంది. ఎండాకాలం టైరు పేలుతుందని రెండు మూడు పాయింట్లు (పీఎస్‌ఐ, గాలి ఒత్తిడి కొలత) తగ్గించి కొట్టిస్తారు. జరిగేది దానికి వ్యతిరేకం. గాలి తగ్గితే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగి లేస్తుంది. వంగిన ప్రతిసారీ రబ్బరు కొంత శక్తిని వేడిగా మార్చుకుంటుంది. మే నెల మధ్యాహ్నం, నిండా మనుషులు, హైవే వేగం. ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రెండు అంకెలు ఉంటే, ఎక్కువది నిండు బరువుకి. ఇంటిల్లిపాదీ అరసవల్లి బయల్దేరినప్పుడు పెట్టించాల్సింది అదే. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ప్రయాణం మధ్యలో మీటరు ఎక్కువ చూపిస్తే అది వేడి వల్ల, తీయించకండి.

1200 కిలోల కారుకి ఒక్కో టైరు మీద సుమారు 300 కిలోలు పడుతుంది. 32 పాయింట్ల గాలికి లెక్క కడితే ఆ టైరు రోడ్డుని తాకే మేర 133 చదరపు సెంటీమీటర్లు. ఇంచుమించు మన చెయ్యంత. బ్రేకు, మలుపు అన్నీ ఆ నాలుగు చేతుల పట్టు మీదే. అక్టోబరు వాయుగుండాలకి రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే టైరు మీద చెక్కి ఉండే గాళ్ళే ఆ నీటిని పక్కకి నెట్టాలి. విమానాల టైర్ల మీద పరీక్షలు చేసి 1963లో నాసా ఇంజినీర్లు ఒక సూత్రం ఇచ్చారు: నిండా నీళ్ళున్నచోట టైరు తేలిపోయే వేగం గాలి ఒత్తిడి వర్గమూలంతో పెరుగుతుంది. ఆ లెక్కన 32 పాయింట్ల దగ్గర అది గంటకి దాదాపు 94 కిలోమీటర్లు, 20 దగ్గర 75 కూడా ఉండదు. కారుకి ఇది ఉజ్జాయింపే. గాళ్ళ మధ్య అడ్డంగా ఉండే చిన్న దిమ్మెల ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. రబ్బరు వాటితో సమానమైతే టైరు మార్చాల్సిందే.

మా కారుకి అలైన్‌మెంట్ చేసే ముందు మెకానిక్ చక్రాన్ని జాకీ మీద లేపి అటూ ఇటూ ఊపాడు. చక్రాన్ని స్టీరింగ్‌తో కలిపే కడ్డీ, అంటే టై రాడ్, చివర వదులు. ఏదో గోతిలో పడ్డప్పుడు పోయి ఉంటుంది. అది మార్చకుండా మిషన్ మీద అంకెలు సరిచేస్తే నాలుగు రోజుల్లో మళ్ళీ మొదటికి వచ్చేది. మార్చాడు, కొత్త టైర్లు వేశాడు, తర్వాతే అంకెలు సరిచేశాడు.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక నిన్న పొద్దున్న స్టీరింగ్ చివరిదాకా తిప్పి, దిగి, లోపలి అంచు మీద చెయ్యి పెట్టాను. అటు నిమిరినా ఇటు నిమిరినా ఒకేలా ఉంది.