విదేశీ ఎంబీబీఎస్: అపోహలు - వాస్తవాలు

నీట్ ఫలితాలు వచ్చాయంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "డాక్టర్ గారూ, ఈ కాలేజీ ఎన్‌ఎంసీ అప్రూవ్డేనా?" ఎన్‌ఎంసీ అంటే మన దేశంలో వైద్య విద్యను నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్. విదేశాల్లో ఎంబీబీఎస్ చదివొచ్చిన పిల్లలకు, వాళ్లు ఇక్కడ పాస్ కావాల్సిన స్క్రీనింగ్ పరీక్ష ఎఫ్‌ఎంజీఈ కోసం జనరల్ మెడిసిన్ చెబుతాను కాబట్టి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు నన్నే అడుగుతారు. ఈసారి అందరికీ ఇక్కడే రాసి పెడుతున్నాను.

అపోహ: కాలేజీకి ఎన్‌ఎంసీ, డబ్ల్యూహెచ్‌ఓ గుర్తింపు ఉంది, కాబట్టి డిగ్రీ ఇండియాలో చెల్లుతుంది.

ఎన్‌ఎంసీ ఏ విదేశీ మెడికల్ కాలేజీకీ అప్రూవల్ ఇవ్వదు. విదేశీ కాలేజీల జాబితా దేన్నీ తాము ఆమోదించడం లేదని ఎన్నోసార్లు చెప్పింది. డబ్ల్యూహెచ్‌ఓకైతే మెడికల్ కాలేజీలను గుర్తించే అధికారమే లేదు. బ్రోచర్లలో చూపించే 'వరల్డ్ డైరెక్టరీ ఆఫ్ మెడికల్ స్కూల్స్' పేరుకు తగ్గట్టు ఒక డైరెక్టరీ, అంతే. అందులో పేరున్నంత మాత్రాన గుర్తింపు ఉన్నట్టు కాదని ఆ డైరెక్టరీ వాళ్లే రాసుకున్నారు.

మరి ఎన్‌ఎంసీ ఏం చూస్తుంది? మీ అమ్మాయి, మీ అబ్బాయి ఏం చదివారు, ఎన్ని నెలలు చదివారు, ఎక్కడ చదివారు అన్నది చూస్తుంది. 2021 నవంబరు 18న వచ్చిన ఎఫ్‌ఎంజీఎల్ రెగ్యులేషన్స్ (విదేశాల్లో చదివిన డాక్టర్ల లైసెన్స్ నిబంధనలు) ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. దానిపైన అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్. బోధన ఇంగ్లిష్‌లో జరగాలి. ఆ దేశపు పౌరులకు ఇచ్చే ప్రాక్టీస్ లైసెన్స్‌తో సమానంగా మనవాళ్లకూ రిజిస్ట్రేషన్ అర్హత ఉండాలి. చేరిన పదేళ్లలోపు అంతా పూర్తి కావాలి. తిరిగొచ్చాక స్క్రీనింగ్ పరీక్ష, ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్.

ఇందులో ఒక్కటి తప్పినా డిగ్రీ చేతిలో ఉండి కూడా డాక్టర్ కాలేరు. ఫిలిప్పీన్స్‌నే తీసుకోండి. అక్కడి దవావ్ నగరంలో మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. అక్కడి పద్ధతిలో ముందు బీఎస్, తర్వాత నాలుగేళ్ల ఎండీ (అక్కడ మన ఎంబీబీఎస్‌లాంటి వైద్య డిగ్రీ పేరే అది). నాలుగేళ్లంటే 48 నెలలు. "బీఎస్ కూడా కలిపితే ఐదున్నరేళ్లు దాటుతుంది కదా" అని ఏజెంట్లు చెబుతారు. బీఎస్ అనేది ప్రీ-మెడికల్ చదువు, దాన్ని వైద్య కోర్సులో కలిపి లెక్కేయరు.

ఖమ్మం వైపు నుంచి ఒకాయన వచ్చారు. ఎకరంన్నర అమ్మి కూతుర్ని పంపారట. ప్లాస్టిక్ కవర్లోంచి జాగ్రత్తగా ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. అది వాట్సాప్‌లో వచ్చిన కాలేజీల జాబితాకు కలర్ ప్రింట్, పైన డబ్ల్యూహెచ్‌ఓ బొమ్మ. "ఇందులో ఉంది కదండీ?" అని అడిగారు. ఆ అమ్మాయి బాగా చదువుతుంది, తప్పు ఎక్కడా ఆమెది కాదు. ఆ జాబితాకు విలువ లేదని ఆయనకు ఎలా చెప్పాలో తెలియక చాలాసేపు మాట్లాడాను. పొలం అమ్మినవాడి భయం మీద కమిషన్లు సంపాదించేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అడ్వాన్స్ కట్టేముందు యూనివర్సిటీ నుంచే (ఏజెంట్ నుంచి కాదు) రాతపూర్వకంగా తెప్పించుకోండి: లాంగ్వేజ్ కోర్సు, ప్రీ-మెడికల్ తీసేస్తే వైద్య కోర్సు ఎన్ని నెలలు, ఇంటర్న్‌షిప్ అక్కడేనా, చదువు పూర్తయ్యాక ఆ దేశంలో లైసెన్స్ ఎవరిస్తారు, విదేశీయులకూ ఇస్తారా. ఆ మెయిల్ రాకపోతే డబ్బు కట్టకండి.

అపోహ: ఎఫ్‌ఎంజీఈలో కావాలనే ఫెయిల్ చేస్తారు.

పరీక్ష 300 మార్కులకు, 150 వస్తే పాస్. నెగెటివ్ మార్కులు లేవు, ఇంతమందినే పాస్ చేయాలన్న కోటా లేదు. ఏటా రెండుసార్లు, జూన్ సెషన్, డిసెంబర్ సెషన్ అని పెడతారు. అయినా చాలాసార్లు ఐదుగురిలో నలుగురు తప్పుతున్నారు. టెన్షన్ పడటం సహజమే, కానీ కారణాలు వేరు.

వాళ్లలో చాలామంది చదివిన ఊళ్లలో పాముకాటు కేసు అరుదు, డెంగీ వార్డు ఉండదు. మన టీబీ కార్యక్రమం, టీకాల షెడ్యూల్ అక్కడి సిలబస్‌లో ఉండవు. ఇక్కడ కమ్యూనిటీ మెడిసిన్‌కే 30 మార్కులు! పైగా క్లాసు ఇంగ్లిష్‌లో, రోగి మాత్రం రష్యన్‌లోనో కిర్గిజ్‌లోనో మాట్లాడతాడు. కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో చదివొచ్చిన ఒక కుర్రాడికి పుస్తకం మొత్తం వచ్చు, కానీ ఆయాసంతో వచ్చిన మనిషిని ఏం అడగాలో తెలియలేదు. అక్కడ ఎవరినీ అడిగే భాషే లేదతనికి. ఇక్కడి వార్డులో "ఎన్ని మెట్లెక్కితే ఆయాసం వస్తోంది తాతా?" అని తెలుగులో అడగడం మొదలుపెట్టాక మూడు నెలల్లో మనిషే మారిపోయాడు. విదేశాల్లో చదివినవాళ్లకు వైద్యం రాదు అనేవాళ్లు అతన్ని చూడాలి.

మిగతావి త్వరగా చెబుతాను. నీట్ లేకుండా వెళ్లొచ్చా? కుదరదు, క్వాలిఫై కావాల్సిందే. నచ్చకపోతే మధ్యలో ఇంకో దేశానికి మారొచ్చా? కోర్సు మొత్తం, ఇంటర్న్‌షిప్‌తో సహా, ఒకే సంస్థలో జరగాలన్నది నియమం. 2022లో యుక్రెయిన్ పిల్లలకు ఇచ్చిన వెసులుబాటు యుద్ధం వల్ల ఇచ్చింది, దాన్ని చూపించి సీట్లు అమ్మేవాళ్లను నమ్మకండి. ఆన్‌లైన్‌లో కొన్నాళ్లు చదివితే సరిపోతుందా? కరోనా కాలంలో అలా చదివినవాళ్లు అదనపు ఇంటర్న్‌షిప్ గొడవలతో, పర్మనెంట్ రిజిస్ట్రేషన్ కోసం ఎంత తిరిగారో విజయవాడలో ధర్నా చేసిన పిల్లల్ని అడగండి.

ఇప్పటికే అక్కడ చదువుతున్నవాళ్లు కంగారు పడకుండా ఒక పని చేయండి. పాస్‌పోర్టులో ఎంట్రీ, ఎగ్జిట్ స్టాంపులున్న ప్రతి పేజీ, ఫీజు రసీదులు, సెమిస్టర్‌వారీ ట్రాన్‌స్క్రిప్టులు స్కాన్ చేసి ఇంట్లో ఒకరికి పంపండి. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో మొదట అడిగేవి అవే. మూడో ఏడాది నుంచే కమ్యూనిటీ మెడిసిన్ మన పుస్తకాల్లో చదవడం మొదలుపెట్టండి. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలో సూపరింటెండెంట్‌ను అడిగి వార్డులో నిలబడండి. అడిగితే చాలామంది కాదనరు.