సొరపిల్ల కాలేయంలో ఏముంది?

సొరపిల్లకు పుట్టిన క్షణం నుంచే తల్లి తోడు ఉండదు. పాలిచ్చేవారు లేరు, వేట నేర్పేవారు లేరు. దానికున్న ఆస్తి అంతా పొట్టలోని కాలేయమే. చాలా చేపలకు ఉండే గాలితిత్తి సొరచేపలకు లేదు. నూనెతో నిండిన కాలేయమే వాటిని నీటిలో తేలికగా ఉంచుతుంది. కొవ్వును దాచుకునే కొట్టు కూడా అదే. కొన్ని జాతుల్లో ఒంటి బరువులో దాదాపు నాలుగో వంతు కాలేయమే ఉంటుంది. వేటలో చేయి తిరిగేదాకా (చేపకు చేయి ఎక్కడిదని అడక్కండి) పిల్ల ఆ కొవ్వును కరిగించుకుంటూ బతుకుతుంది. అది తల్లి కట్టిచ్చిన దారిబత్తెం.

ఆ మూటలో తల్లి తెలిసి పెట్టనివి కూడా ఉంటాయి. డీడీటీ (పురుగుమందు), పీసీబీ (పరిశ్రమల్లో వాడిన రసాయనాలు) లాంటివి నీటిలో దాదాపు కరగవు, కొవ్వు కనిపిస్తే వదలవు, ఏళ్లు గడిచినా ఓ పట్టాన విచ్ఛిన్నం కావు. చిన్న జీవిని తిన్న చేపలో కొంత, ఆ చేపను తిన్న పెద్ద చేపలో ఇంకొంత చేరి, వరుస చివరన ఉన్న సొరచేప కాలేయంలో పోగుపడతాయి. మగ సొరకు వాటిని వదిలించుకునే దారి పెద్దగా లేదు. ఆడదానికి ఒక దారి ఉంది, పిల్లలు. పరిశోధకులు దీన్ని తల్లి బరువు దించుకోవడం అంటారు. తల్లి కావాలని చేసే పనేమీ కాదు కాబట్టి, ఆ మాట నాకు కాస్త కటువుగానే తోస్తుంది.

బరువు ఏ దారిన దిగుతుందన్నది తల్లి పిల్లకు తిండి పెట్టే తీరును బట్టి ఉంటుంది. ఈ విషయంలో సొరలు, టేకు చేపలు చూపే వైవిధ్యం అంతా ఇంతా కాదు. టేకులకు దగ్గరి బంధువులైన స్కేట్ చేపలు తోలు సంచి లాంటి గుడ్డు పెట్టి వెళ్లిపోతాయి. లోపలి పచ్చసొనతో వచ్చిందే పిల్లకు దక్కే తల్లి వాటా. ఆ సొనకు కావలసిన సరుకు తల్లి కాలేయంలోనే తయారై, రక్తం వెంట అండాశయానికి చేరుతుంది. కాలేయంలో ఉన్న విషానికీ అదే బండి.

తెల్లసొర, థ్రెషర్ సొరల పిండాలు అంతటితో ఆగవు. తల్లి ఫలదీకరణ చెందని గుడ్లను వరుసగా విడుదల చేస్తుంటే, గర్భాశయంలోనే వాటిని మింగుతూ పెరుగుతాయి. ఇసుక సొరలో (శాండ్ టైగర్) పెద్ద పిండం తోడబుట్టినవాటినే తినేస్తుంది. చివరికి రెండు గర్భాశయాల్లో ఒక్కో పిల్ల చొప్పున మిగిలి, పుట్టేసరికి దాదాపు మీటరు పొడవుంటుంది. 1940లలో స్టీవర్ట్ స్ప్రింగర్ అనే జీవశాస్త్రవేత్త ఇలాంటి సొర గర్భంలో చేయి పెడితే లోపలున్న పిండం కరిచింది! అలా మింగే ప్రతి గుడ్డుతోనూ తల్లి కొవ్వు మరికొంత, ఆ కొవ్వులోని రసాయనం మరికొంత పిల్లలోకి చేరుతుంది.

ముల్లు టేకుల పద్ధతి వేరు. వాటి గర్భాశయం గోడ నుంచి సన్నని వేళ్లలాంటి పోగులు వేలాడుతూ కొవ్వు నిండిన ద్రవాన్ని స్రవిస్తాయి. గర్భంలోనే అందే పాలన్నమాట. చిన్న గుడ్డుతో మొదలైన పిండం ఈ పాలతో ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎంత ఉదారంగా పాలిస్తే విషం వెళ్లడానికి అన్నిసార్లు దారి తెరుచుకున్నట్టే.

సుత్తితల సొర పిండం ముందు పచ్చసొన తింటుంది. అది అయిపోయాక సొనసంచే మావిగా మారి తల్లి గర్భాశయానికి అతుక్కుంటుంది. మావి అనగానే చెడును ఆపే జల్లెడ అనుకుంటాం. పాదరసం ఆ నమ్మకాన్ని ఎప్పుడో చెరిపేసింది. 1956లో జపాన్‌లోని మినమాటాలో బయటపడిన వ్యాధిలో, పైకి ఆరోగ్యంగా కనిపించిన తల్లులకు మెదడు దెబ్బతిన్న బిడ్డలు పుట్టారు. ఆ వ్యాధికి కారణమైన మిథైల్ పాదరసం (పాదరసపు ఒక రూపం) కొవ్వును కాక ప్రోటీన్లను పట్టుకుంటుంది కాబట్టి ప్రధానంగా కండరాల్లో నిలుస్తుంది. అందుకే సొరల్లోనూ అది పిల్లకు చేరే తీరు డీడీటీ తీరులా ఉండదు.

దక్షిణ కాలిఫోర్నియా తీరంలో ఇదంతా ఒకేచోట చూడవచ్చు. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని ఒక డీడీటీ కర్మాగారం వ్యర్థాలు మురుగు కాలువల గుండా పాలోస్ వెర్డెస్ దగ్గర సముద్రంలో కలిసేవి. అమెరికా 1972లో డీడీటీని నిషేధించింది. అడుగున పేరుకున్న మట్టిలో అది ఇంకా ఉంది. నిషేధం వచ్చి దశాబ్దాలు గడిచాక అక్కడ దొరికిన తెల్లసొర పిల్లల కాలేయాల్లో డీడీటీ అవశేషాలు, పీసీబీలు భారీగా కనిపించాయి. వాటిలో ఏడాది కూడా నిండని పిల్లలున్నాయి. ఆ కొద్ది నెలల్లో తిన్న తిండితో అంత విషం పోగవదు. తల్లి నుంచే వచ్చి ఉండాలన్నది పరిశోధకుల అంచనా.

పిల్ల తొలి రోజుల్లో కాలేయపు కొవ్వును కరిగించుకునేటప్పుడు దానిలో దాగిన రసాయనం రక్తంలోకి వస్తుంది. అవయవాలు ఇంకా ముదురుతున్న సమయం అది. తర్వాత వేట కుదిరి, ఒళ్లు పెరిగే కొద్దీ కొంతకాలం విషం పలచబడుతుంది. మళ్లీ తిండితోపాటు కొత్తది చేరుతుంది. అది తెల్లసొర ఆడపిల్ల అయితే తల్లి కావడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టవచ్చు. అన్నాళ్లూ నింపుకున్న కాలేయం నుంచే అది తన మొదటి గుడ్లకు సొన కడుతుంది.